బికినీ వ్యాక్స్ తర్వాత మంట, దురద, పొక్కులు: మొదటి గంట నుంచి మూడో వారం దాకా ఏం చేయాలి

మోచేతి మీద దద్దు వస్తే అమ్మకి చూపిస్తాం, పక్కింటి అక్కని అడుగుతాం. అదే గజ్జల్లో వస్తే నోరు విప్పం. బాత్రూం గడియ పెట్టుకుని, చిన్న అద్దంలో చూసుకుని, చేతికందినదేదో రాసేసుకుంటాం. అది కొబ్బరినూనె కావచ్చు, పసుపు కావచ్చు, డెట్టాల్ కావచ్చు, ఇంట్లో ఎవరికో తామర వచ్చినప్పుడు తెచ్చిన సగం ట్యూబు కావచ్చు. వ్యాక్స్ చేసిన చర్మం మామూలుగా రెండు రోజుల్లో దానంతట అదే చల్లబడుతుంది. అది వారాల తరబడి సాగుతోందంటే చాలాసార్లు ఆ తర్వాత రాసినవాటి వల్లే. అందుకే ఇక్కడ ఏం రాయాలన్న దానికంటే ఏం రాయకూడదు, ఎప్పుడు ఊరికే వదిలేయాలి, ఎప్పుడు ఒక్క పూట కూడా ఆగకూడదు అన్న వాటి గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ఏమైందో గుర్తుపట్టండి

వ్యాక్స్ వెంట్రుకని కుదురుతో సహా లాగేస్తుంది. దాంతోపాటు చర్మం పైపొర కూడా పలుచగా లేచిపోతుంది. వెంట్రుక ఉన్న చోట చిన్న రంధ్రం తెరుచుకుని మిగులుతుంది. దాని చుట్టూ చర్మం ఉబ్బి ఎర్రటి చుక్కలా కనిపిస్తుంది. మన చామనచాయ మీద అది ఎరుపుగా కాకుండా ముదురు గోధుమ రంగులోనో ఊదా రంగులోనో ఉండొచ్చు. ‘ఎర్రగా లేదు కదా, ఏమీ కాలేదు’ అనుకోకండి. చేత్తో తాకితే వేడిగా, గరుకుగా ఉందేమో చూడండి. ఈ చుక్కలు, కొద్దిపాటి మంట ఒక రోజు నుంచి రెండు రోజులు ఉండటం సహజం.

దేనికి ఏం చేయాలో తెలియాలంటే అది ఎప్పుడు మొదలైందో గుర్తు తెచ్చుకోండి. అద్దంకంటే గడియారం, క్యాలెండరే ఎక్కువ చెబుతాయి.

వ్యాక్స్ చేస్తుండగానే భగ్గుమని మండి, ఒకే చోట ఎర్రగా మిగిలితే అది వేడి వ్యాక్స్ వల్ల కాలిన చోటో, చర్మం ఊడిన చోటో అయి ఉంటుంది. పన్నెండు గంటలు మొదలుకొని మూడు రోజుల లోపు, వ్యాక్స్ తగిలినంత మేరా విపరీతమైన దురద పట్టి, రోజురోజుకీ తగ్గే బదులు పెరుగుతుంటే అలర్జీని అనుమానించాలి. చాలా వ్యాక్స్‌లలో పైన్ చెట్టు జిగురు నుంచి తీసే రోజిన్ అనే పదార్థం ఉంటుంది, పైగా సువాసనలు కలుపుతారు. రోజిన్ కొన్ని రకాల అంటించే ప్లాస్టర్లలోనూ ఉంటుంది. కాబట్టి గాయానికి ప్లాస్టర్ వేస్తే దాని ఆకారంలోనే దురద దద్దు వచ్చే చర్మం మీదైతే, వ్యాక్స్ విషయంలో ముందే జాగ్రత్త పడండి.

రెండో రోజు తర్వాత ఒక్కో రంధ్రం దగ్గర తెల్లటి చీము తలతో పొక్కులు లేస్తే వెంట్రుక కుదుళ్లలో ఇన్‌ఫెక్షన్ చేరినట్టు. స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా మన చర్మం మీదే ఉంటుంది, తెరిచిన రంధ్రం దొరికితే లోపలికి వెళుతుంది. వారం పది రోజులు దాటాక, వెంట్రుకలు తిరిగి మొలిచే సమయంలో గట్టి గింజలాంటి గడ్డలు వస్తే అవి లోపలికి మొలిచిన వెంట్రుకలు. ఆ భాగంలో వెంట్రుకలు వంకులు తిరిగి ఉంటాయి కాబట్టి కాళ్లకీ చేతులకీ చేయించుకున్నప్పటికంటే ఇక్కడ ఇవి ఎక్కువ.

మరి రెండింటిని ఇంట్లో వైద్యంతో సరిపెట్టకూడదు. గుంపుగా, నీళ్లు నిండిన చిన్న బొబ్బలు వచ్చి సూదులు గుచ్చినట్టు నొప్పి పెడితే అది హెర్పిస్ కావచ్చు. కొన్ని వారాల తర్వాత నున్నగా మెరుస్తూ, నడుమ చిన్న గుంట ఉన్న బొడిపెలు ఒక్కొక్కటిగా పెరుగుతుంటే మొలస్కమ్ అనే వైరస్ కావచ్చు. వ్యాక్స్, షేవింగ్ వల్ల చర్మం మీద పడే కనిపించని గాయాల గుండా ఇలాంటి వైరస్‌లు ఒక చోటి నుంచి పక్కకి పాకుతాయి. వీటికి డాక్టర్ చూసి చెప్పాల్సిందే.

మొదటి గంట

వ్యాక్స్ ముక్కలు అంటుకుని ఉంటే గోరుతో గీకకండి, సబ్బుతో రుద్దకండి. దూదిని నాలుగు చుక్కల కొబ్బరినూనెతోనో బేబీ ఆయిల్‌తోనో తడిపి మెల్లగా అద్దితే వ్యాక్స్ కరిగి వచ్చేస్తుంది. తర్వాత మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి నూలు బట్టతో అద్దండి, తుడవకండి.

తర్వాత చల్లటి కాపడం. శుభ్రమైన పాత నూలు చీర ముక్కనో, తెల్ల పంచె ముక్కనో చల్లటి నీళ్లలో ముంచి పిండి, పది నిమిషాలు ఉంచండి. గంట ఆగి మళ్లీ పెట్టండి. ఆ మొదటి రోజు ఇంతకంటే బాగా పనిచేసే మందు లేదు. ఐస్ ముక్కని నేరుగా ఆనించడం మాత్రం వద్దు. ఆ మంట మీద ఐస్ హాయిగా అనిపిస్తుంది గానీ పలుచని చర్మాన్ని అది మళ్లీ గాయపరుస్తుంది.

కాలిందని అనుమానం ఉంటే పద్ధతి వేరు. వెంటనే పారే చల్లటి కుళాయి నీళ్ల కింద, అంటే హ్యాండ్ షవర్ సన్నగా తిప్పుకుని, 20 నిమిషాలు ఉంచాలి. రెండు నిమిషాలు కడిగి ఊరుకుంటే లోపలి వేడి తగ్గదు. ఐస్, టూత్‌పేస్ట్, వెన్న, నూనె ఏదీ పెట్టకూడదు. చిన్న ఎరుపైతే తర్వాత పలుచగా పెట్రోలియం జెల్లీ చాలు. బొబ్బ లేచినా, చర్మం తెల్లగా పాలిపోయినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. బొబ్బని చిదపకండి.

చర్మం ఊడి తడిగా మెరుస్తున్న చోట నీళ్లతో కడిగి, పెట్రోలియం జెల్లీ రాసి, బట్ట అంటుకోకుండా చూసుకుంటే నాలుగైదు రోజుల్లో కొత్త పొర వస్తుంది. మూత్రం తగిలితే మండుతుంది కాబట్టి వెళ్లేటప్పుడే కప్పుతో గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ వెళ్లండి. కాన్పు తర్వాత కుట్లున్న తల్లులకి ఆసుపత్రిలో చెప్పేది ఇదే, మంట సగానికి సగం తగ్గుతుంది.

మొదటి రెండు రోజులు

ఈ నలభై ఎనిమిది గంటల్లో ఆ రంధ్రాలు తెరిచి ఉంటాయి. చెమట, రాపిడి, వేడి ఈ మూడూ వాటికి పడవు. విజయవాడ ఎండల్లోనో విశాఖ ఉక్కలోనో బిగుతు జీన్స్ వేసుకుని గంటసేపు స్కూటీ మీద వెళితే ఆ మూడూ ఒకేసారి తగులుతాయి. కుదిరితే వ్యాక్స్ సాయంత్రం చేయించుకుని, మర్నాడు సెలవు ఉండేలా చూసుకోండి. ఇంట్లో ఉన్నంతసేపూ వదులు నైటీయో లంగానో చాలు, రాత్రి లోదుస్తులు లేకుండా పడుకోవడం ఇంకా మంచిది. బయటికి వెళ్లాల్సి వస్తే అంచుల ఎలాస్టిక్ గజ్జల గీత మీద కోసుకోని నూలు లోదుస్తులు వేసుకోండి. సింథటిక్ లెగ్గింగ్స్, లేసు ఉన్నవి పక్కన పెట్టండి.

స్నానం గోరువెచ్చని నీళ్లతో చేయండి. ఆ చోట సబ్బు అక్కర్లేదు, వి వాష్ లాంటివీ అక్కర్లేదు. ‘యోని సహజంగానే ఆమ్లగుణంతో ఉంటుంది, ఈ ద్రవం కూడా అంతే’ అని సీసా మీద రాసి ఉన్నా, అందులోని సువాసన, నురగ తెప్పించే రసాయనం పచ్చి చర్మాన్ని మండిస్తాయి. యోని తనని తాను శుభ్రం చేసుకుంటుంది, బయట చర్మానికి నీళ్లు చాలు.

జిమ్, ఈత, ఆవిరి స్నానం, కలయిక రెండు రోజులు ఆగాలి. కలయిక విషయం భర్తకో భాగస్వామికో ముందే చెప్పండి. రాపిడి ఒక కారణం, తెరిచిన చర్మం గుండా ఇన్‌ఫెక్షన్లు అటూ ఇటూ సులువుగా దాటడం ఇంకో కారణం. ఈతకొలనుకైతే మూడు రోజులు ఆగమంటాను. క్లోరిన్ సరిగా కలపని కొలనుల్లో సూడోమోనస్ అనే బ్యాక్టీరియా ఉండి, మామూలు చర్మం ఉన్నవాళ్లకే వెంట్రుక కుదుళ్లలో పొక్కులు తెప్పిస్తుంది.

నొప్పి నిద్ర పట్టనివ్వకపోతే పారాసెటమాల్ 500 మి.గ్రా. మాత్ర ఒకటి వేసుకోవచ్చు. దురద మరీ ఎక్కువైతే రాత్రి సెటిరిజిన్ 10 మి.గ్రా. ఒకటి. అది మత్తు తెస్తుంది, వేసుకుని బండి నడపకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏ మాత్రైనా డాక్టర్‌ని అడిగాకే.

ఏం రాయొచ్చు, ఏం రాయకూడదు

రాయదగ్గవి కొన్నే. సువాసన లేని పెట్రోలియం జెల్లీ, అదీ పచ్చిగా ఉన్న చోట పలుచగా. కాలమైన్ లోషన్, వెంట్రుకలు మొలిచే బయటి చర్మం మీద మాత్రమే. లోపలి మెత్తటి పెదవుల మీద అది ఎండి పగిలి ఇంకా బాధపెడుతుంది. కలబంద గుజ్జు చాలామందికి చల్లగా ఉంటుంది. కానీ పెరట్లో మట్ట విరిచి నేరుగా రుద్దకూడదు. తొక్క కింద పసుపు రంగులో కారే పాలు చర్మాన్ని మండిస్తాయి. మట్టని కోసి అరగంట నిలబెట్టి ఆ పాలు కారిపోనిచ్చి, కడిగి, నడిమి గాజులాంటి గుజ్జునే తీసుకోండి. ముందు మోచేతి మడతలో రాసి చూడండి.

కొబ్బరినూనె మన ఇళ్లలో సర్వరోగ నివారిణి. అది చెడ్డదని అనను, మూడు నాలుగు రోజుల తర్వాత పొడిబారిన చర్మానికి మంచిదే. మొదటి రెండు రోజుల్లో మాత్రం రాసి అలాగే వదిలేస్తే చెమటతో కలిసి తెరిచిన రంధ్రాలను మూసి పొక్కులు తెప్పిస్తుంది. పసుపు ముద్ద కూడా వద్దు, దానికీ అలర్జీ వచ్చేవాళ్లున్నారు. పైగా పసుపు రంగు కింద చర్మం ఎర్రబడుతోందో లేదో కనిపించదు. డెట్టాల్, నిమ్మరసం, పటిక, అత్తరు, టాల్కమ్ పౌడర్, టీ ట్రీ నూనె, వేడినీళ్ల కాపడం, ఇవేవీ మొదటి రెండు రోజుల్లో దగ్గరికి రానివ్వకండి. డెట్టాల్ మండితే పనిచేస్తున్నట్టే అన్న నమ్మకం చాలామందిలో ఉంది. మంట అంటే చర్మం కాలుతోందనే అర్థం.

మందుల షాపు ట్యూబు గురించి కాస్త వివరంగా

ఈ ఒక్క భాగం చదివి మిగతాదంతా మర్చిపోయినా నాకు తృప్తే. గజ్జల్లో దురద అని మందుల షాపులో గొంతు తగ్గించి అడిగితే చాలాచోట్ల ప్రశ్నలేవీ లేకుండా ఒక ట్యూబు ఇస్తారు. అందులో మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి. ఫంగస్‌కి ఒకటి, బ్యాక్టీరియాకి ఒకటి, వీటితో పాటు క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ ఒకటి. రాసిన రోజే దురద మాయమవుతుంది. అందుకే అది మంచి మందని అందరూ ఒకరికొకరు చెప్పుకుంటారు.

గజ్జల చర్మం పలుచన, మడతల్లో గాలాడదు, అందువల్ల మందు ఎన్నో రెట్లు లోపలికి ఇంకుతుంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే అమెరికన్ పరిశోధకులు హైడ్రోకార్టిసోన్‌తో కొలిచి చూస్తే, ముంజేతి చర్మంకంటే వృషణాల చర్మం 42 రెట్లు ఎక్కువ పీల్చుకుంది. అలాంటి చోట గట్టి స్టెరాయిడ్ కొన్ని వారాలు రాస్తే చర్మం కాగితంలా పలుచబడి, గర్భిణుల పొట్ట మీద ఉండే చారల్లాంటివి తొడ మూలాల్లో పడతాయి. ఆ చారలు తిరిగి పోవు. రాయడం ఆపగానే మంట, ఎరుపు రెట్టింపుగా తిరిగొస్తాయి, మళ్లీ రాస్తాం. ఇక అసలు సమస్య తామర అయి ఉంటే, స్టెరాయిడ్ దాని ఆకారాన్ని చెరిపేసి లోలోపల పాకనిస్తుంది. కొన్నేళ్లుగా మన దేశంలో తామర మామూలు మందులకు లొంగకుండా మొండికేయడానికి ఈ ట్యూబుల వాడకం ఒక ముఖ్య కారణమని చర్మ వైద్యులు చెబుతున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. అంటే వాటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మీ ఇంట్లో ఉన్న ట్యూబు మీద ఎర్ర గీత, పైన చెప్పిన పేర్లలో ఏదైనా ఉంటే దాన్ని ఈ పనికి వాడకండి.

వ్యాక్స్ అలర్జీకి డాక్టర్లే కొన్నిసార్లు తక్కువ శక్తి గల హైడ్రోకార్టిసోన్ 1 శాతం క్రీమును కొద్ది రోజులకు రాస్తారు. అది వేరే విషయం. అక్కడ రోగం ఏమిటో చూశారు, ఎన్నాళ్లో చెప్పారు.

చీము పొక్కులు వస్తే

పిండకండి. రోజుకి మూడుసార్లు గోరువెచ్చని నీళ్లలో ముంచిన బట్టతో పది నిమిషాలు కాపడం పెట్టండి. మొదటి రెండు రోజులు చల్లటిది, పొక్కు వచ్చాక వెచ్చటిది, ఈ తేడా గుర్తుంచుకోండి. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ వెంట్రుకలున్న బయటి చర్మం మీద, పొక్కు మీద మాత్రమే, రాత్రికి ఒకసారి చుక్కంత పెట్టొచ్చు. అది బట్టల రంగు తినేస్తుంది, పాత లోదుస్తులు వేసుకోండి. తువ్వాలు ఎవరితోనూ పంచుకోవద్దు, రోజూ ఉతికి ఎండలో ఆరేయండి. నాలుగైదు పొక్కులే ఉంటే వారంలో మానిపోవాలి.

ఎరుపు పాకుతోందో లేదో తెలియాలంటే బాల్ పెన్నుతో దాని అంచు చుట్టూ గీత గీయండి, ఆరు గంటల తర్వాత చూడండి. గీత దాటితే ఆగకూడదు. జ్వరం 100.4 దాటినా, గజ్జల్లో బిళ్ల కట్టి నొప్పి పెడుతున్నా, పొక్కు పెరిగి సెగగడ్డలా ఎర్రగా ఉబ్బినా, మూత్రం పోయడం కష్టమైనా అదే రోజు వెళ్లాలి. పైకి కనిపించేదానికంటే నొప్పి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండి, చర్మం ఊదా రంగులోకో నల్లగానో మారుతుంటే అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లండి. యోని ద్వారానికి ఒక పక్కన మాత్రం గోలీలాంటి వాపు వస్తే అది వెంట్రుక పొక్కు కాకపోవచ్చు, అక్కడుండే బార్తొలిన్ గ్రంథి మూసుకుపోయి ఉండొచ్చు. దానికి గైనకాలజిస్ట్ కావాలి.

షుగర్ ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఆస్ట్రేలియాలో అదుపులో లేని టైప్ 1 షుగర్ ఉన్న ఇరవై ఏళ్ల అమ్మాయికి బ్రెజిలియన్ వ్యాక్స్ (ఆ భాగంలో వెంట్రుకలన్నీ తీసేసేది) తర్వాత స్ట్రెప్టోకాకస్, హెర్పిస్ రెండూ సోకి ప్రాణం మీదికొచ్చిన సంగతిని 2007లో అక్కడి వైద్యులు ఒక వైద్య పత్రికలో రాశారు. షుగర్ అదుపులో లేనప్పుడు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నప్పుడు వ్యాక్స్ జోలికి పోకండి.

డాక్టర్ దగ్గర ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయేవాళ్లెందరో. ‘నాలుగు రోజుల కిందట బికినీ వ్యాక్స్ చేయించుకున్నానండీ, రెండో రోజు నుంచి చీము పొక్కులు’ అంటే చాలు. లేడీ డాక్టర్ కావాలని ఓపీ చీటీ దగ్గరే అడగొచ్చు, పరీక్ష చేసేటప్పుడు నర్సుని పక్కన ఉండమనొచ్చు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మ విభాగం బోర్డు మీద సుఖవ్యాధులు, కుష్ఠు అన్న పేర్లు కూడా ఉంటాయి. మూడింటినీ ఒకే విభాగం చూస్తుంది కాబట్టి అలా ఉంటుంది. ఆ బోర్డు చూసి వెనక్కి తిరగొద్దు.

లోపలికి మొలిచిన వెంట్రుకలు, నల్లమచ్చలు

ఐదో రోజు నుంచి స్నానంలో మెత్తటి తడి బట్టతో, వారానికి రెండుసార్లు, గుండ్రంగా మెల్లగా రుద్దండి. నలుగు పిండి మన అలవాటే గానీ బరక సున్నిపిండి ఈ చర్మానికి గరుకెక్కువ. రుద్దడం పడకపోతే సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం లోషన్ రోజు విడిచి రోజు బయటి చర్మానికి రాయొచ్చు, లోపలి పెదవులకు తగలకూడదు. వెంట్రుక చర్మం కింద వంకీగా కనిపిస్తుంటే వెచ్చటి కాపడం పెట్టి పైకి వచ్చేదాకా ఓపిక పట్టండి. పైకి వచ్చాక స్పిరిట్‌తో తుడిచిన ట్వీజర్ కొనతో వంకీని లేపి వదిలేయండి. పీకేస్తే అదే చోట మళ్లీ లోపలికే మొలుస్తుంది. సూదితో తవ్వడం అసలే వద్దు, మచ్చలు పడేది అక్కడే.

మన చర్మంలో ఎక్కడ మంట పుట్టినా అక్కడ రంగు ముదురుతుంది. గజ్జల్లో ఆ నలుపు వెలియడానికి నెలలు పడుతుంది. రాపిడి, వాపు ఆగితే చాలావరకు అదే తగ్గుతుంది. ఆ భాగాన్ని తెల్లబరుస్తామనే క్రీములు కొనకండి. అక్కడి చర్మం ఒంటి రంగుకంటే ముదురుగా ఉండటం సహజం, అది మురికీ కాదు, జబ్బూ కాదు.

మళ్లీ చేయించుకునేటప్పుడు

వెంట్రుక బియ్యపు గింజంత పొడవుంటే సరిపోతుంది. అంతకంటే పొట్టిదైతే మధ్యలో తెగి లోపలికి మొలుస్తుంది, మరీ పొడవైతే లాగినప్పుడు చర్మం చిరుగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాల ఎడం ఇవ్వండి. పీరియడ్స్‌కి ముందు రోజుల్లో, వచ్చిన మొదటి రోజుల్లో నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. ఆ చర్మానికి రెటినాయిడ్ క్రీములు (ట్రెటినోయిన్, అడాపలీన్ లాంటివి) రాస్తుంటే కనీసం వారం ముందు ఆపాలి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు, ఆపి ఆరు నెలలు కానివాళ్లు వ్యాక్స్ చేయించుకోకూడదు, చర్మం పొరలుగా లేచి వచ్చేస్తుంది.

పార్లర్‌లో మొహమాటపడకుండా మూడు విషయాలు చూడండి. వేసుకున్న గ్లోవ్స్ కొత్తవేనా? వ్యాక్స్ తీసే పుల్ల ఒకసారి ఒంటికి తాకాక మళ్లీ డబ్బాలో ముంచుతున్నారా? ముంచితే మీకంటే ముందు వచ్చినవాళ్ల చర్మం మీదివన్నీ ఆ డబ్బాలో ఉన్నట్టే, లేచి వచ్చేయండి. వేడిని ముందు తన మణికట్టు మీద, తర్వాత మీ తొడ మీద చూస్తున్నారా? కొత్త వ్యాక్స్ అయితే రెండు రోజుల ముందు తొడ లోపలివైపు రూపాయి బిళ్లంత చోట వేయించుకుని దురద రాలేదని తేలాకే మిగతాది.

రెండుసార్లు వరసగా చీము పొక్కులో అలర్జీయో వచ్చినవాళ్లకి నా సలహా వ్యాక్స్ మానేయమనే. అక్కడి వెంట్రుకలు రాపిడి నుంచి చర్మాన్ని కాపాడతాయి, వాటిని తీయాల్సిన వైద్య అవసరం ఏదీ లేదు. పొట్టిగా ఉంటే బాగుంటుందనుకుంటే బ్యాటరీ ట్రిమ్మర్‌కి గార్డు తగిలించి, పొడి చర్మం మీద, మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించుకోండి. కుదురు కదలదు, రంధ్రం తెరుచుకోదు. ఆ ట్రిమ్మర్ మీ ఒక్కరిదే అయి ఉండాలి, వాడిన ప్రతిసారీ బ్లేడు విప్పి కడిగి, స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాలి.